చక్కర్ వస్తే చక్కెర

ఇరవయ్యొక్క ఏళ్లు నిండినా నీలిమకు ఒంట్లో ఎలా ఉందో నీలిమకు తెలియదు. తెలుసుకోవాలంటే వాళ్లమ్మను అడగాలి.

ఇది ఎవరి మీదా నింద కాదు. రాయపూరులోని మోవా పేటలో ఆ ఇంటి రాజ్యాంగం అలా రాసి ఉంది. నీలిమకు తొమ్మిదో ఏట చక్కెర వ్యాధి బయటపడింది. పెద్దవాళ్లకు తీరిగ్గా వచ్చే రకం కాదు. పిల్లలకు ఉన్నట్టుండి వచ్చి, ఇన్సులిన్ సూదికి తప్ప దేనికీ లొంగని రకం. ఆ రోజే వాళ్లమ్మ శ్రీలక్ష్మి కూతురి ఆరోగ్య శాఖను స్వాధీనం చేసుకుంది. తండ్రి గిరిధర్ రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో టెక్నీషియను. వ్యాగను దూరంగా వస్తుంటే చప్పుడు విని ఏ చక్రం అరిగిందో చెప్పగలడు గానీ, కూతురికి మధ్యాహ్నం ఎన్ని యూనిట్లో అడిగితే వంటింటి వైపు చూస్తాడు.

శంకర్ నగర్‌లో పిల్లల డాక్టరు చంద్రాకర్ దగ్గర ఈ రాజ్యాంగం ఎలా అమలయ్యేదంటే, డాక్టరు నీలిమను అడిగేవాడు, శ్రీలక్ష్మి జవాబు చెప్పేది.

"భూఖ్ లగ్తీ హై, బేటా?"

"లగ్తీ హై, డాక్టర్ సాబ్. నిన్న మూడు రోటీలు తినింది."

"నిద్ర?"

"పడుతుంది. మధ్యలో ఒకసారి లేస్తుంది, నేను చూస్తాను కదా."

"సూది దగ్గర నొప్పి ఉందా?"

"నై నై. బిల్‌కుల్ లేదు."

నొప్పి ఉండేది. కానీ అమ్మ లేదన్నాక ఉందనడం మర్యాద కాదని నీలిమ ఊరుకునేది. అలా పన్నెండేళ్లు ఆమె తన ఒంటికి ఒక సాక్షిగా మాత్రమే హాజరైంది. వాదించేది వేరొకరు.

వీధిలో ఈ విషయం ఎవరికీ తెలియకూడదన్నది రెండో నిబంధన. "రేపు పెళ్లి మాటలొచ్చినప్పుడు లోకం వంద అంటుంది" అని శ్రీలక్ష్మి అభిప్రాయం. సూది చూసిన పక్కింటి దూబే ఆంటీకి అది విటమిన్ల సూది అని చెప్పి ఉంచింది. అందుచేత మోవాలో ఆ వీధి మొత్తానికి నీలిమ పన్నెండేళ్లుగా విటమిన్ల మీద బతుకుతున్న పిల్ల.

2018 వేసవిలో ఈ రాజ్యం కదిలింది. కదిలించినవాడికి నాలుగేళ్లు. పిల్లల డాక్టరు గది బయట, గోడ మీద ఏనుగు బొమ్మ కింద, చిన్న ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్న బీఎస్సీ కెమిస్ట్రీ పట్టభద్రురాలిని వాడు కాసేపు పరిశీలించి, "ఆంటీ, మీ పాప ఏది?" అని హిందీలో అడిగాడు.

ఆ రోజే డాక్టరు చంద్రాకర్ నవ్వుతూ, "ఇక ఈమెను పెద్దవాళ్ల డాక్టరు దగ్గరకు పంపాలి, మాతాజీ. నా కుర్చీలు విరిగిపోతున్నాయి" అన్నాడు. శ్రీలక్ష్మి ఆ మాటను దేశ బహిష్కారంగా స్వీకరించింది. నీలిమకు మాత్రం జైలు తలుపు తెరుచుకున్నట్టయింది.

అదే వారం ధర్సీవా దగ్గర ఒక ఇనుము ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. ల్యాబ్‌లో కెమిస్టు ఉద్యోగం. ఖనిజం ముక్కను పొడి చేసి, అందులో ఇనుమెంతో తేల్చి చెప్పాలి. సోమవారం చేరాలి. కంపెనీ బస్సు మోవా మీదుగానే పోతుంది. నీలిమ ఆ రోజు ఇంట్లో నడవలేదు, గంతులే వేసింది.

"ధర్సీవాలో నీకు చక్కర్ వస్తే ఎవరు చూస్తారే?" అంది శ్రీలక్ష్మి.

"నేనే చూసుకుంటా."

"నువ్వా! ఎంత ఇన్సులిన్ పోతాందో నీకు మాలూమా?"

"గుచ్చుకునేది నేనే కదా మమ్మీ."

"గుచ్చుకునేది నువ్వే. హిసాబ్ నాది."

గిరిధర్ పేపరు వెనక నుంచి ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అది మధ్యవర్తిత్వం కింద లెక్క.

చివరికి ఒప్పందం కుదిరింది. శనివారం కొత్త డాక్టరమ్మ దగ్గరకు నీలిమ ఒక్కతే వెళ్లాలి. శ్రీలక్ష్మి ఇంటి గుమ్మం దాటదు. అడిగినదానికల్లా నీలిమే జవాబు చెప్పాలి. అమ్మకు ఫోను చేసి అడగకూడదు. అన్నీ సరిగ్గా చక్కబెట్టుకొచ్చిందా, సోమవారం ఫ్యాక్టరీ. లేదా, "ఇంట్లో కూర్చొని దూబే ఆంటీ పిల్లలకు ట్యూషన్ చెప్పుకో."

ఈ ఒప్పందంలో ఒక కన్నం ఉంది. దాన్ని కనిపెట్టింది నాయనమ్మ బంగారమ్మ.

బంగారమ్మ గుంతకల్లు నుంచి కంటి ఆపరేషన్ కోసం రాయపూరు వచ్చి, నెల రోజులుగా నల్ల కళ్లద్దాలతో వరండాలో కూర్చొని ఛత్తీస్‌గఢ్‌ను పర్యవేక్షిస్తోంది. హిందీలో ఆవిడకు వచ్చిన మాటలు రెండే: వద్దనడానికి 'నై', ఎంత అనడానికి 'కిత్నా'. కూరగాయల బండివాడితో ఆ రెండూ చాలాయి గనక మూడోది నేర్చుకోలేదు.

"మీయమ్మను పోవద్దన్యారు. నన్నన్యారా?" అంది శనివారం పొద్దున, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

"అవ్వా, నేనొక్కదాన్నే పోవాల. షర్తు."

"నువ్వు ఒక్కదానివే పో. నేనూ ఒక్కదాన్నే వస్తా, నీ యెనకాల."

ఆ తర్కానికి శ్రీలక్ష్మి కళ్లలో వెలుగొచ్చింది. అత్తగారిని పక్కకు పిలిచి, "అత్తా, దాని నోట్లో తీపి పడకుండా చూసుకో" అని అప్పగించింది. కోడలు అత్తగారికి ఒక పని చెప్పడం, అత్తగారు ఎదురు మాట్లాడకుండా ఒప్పుకోవడం ఆ కుటుంబ చరిత్రలో అదే మొదలు. బంగారమ్మ ఆ బాధ్యతను ప్రాణప్రతిష్ఠ చేసినంత నిష్ఠగా తీసుకుంది. కాలం చేసిన భర్తకు కూడా చక్కెర కాయిలాయే. ఆయన నోటి దగ్గర లడ్డూలు లాగేసుకున్న అనుభవం ఆవిడకు నిండుగా ఉంది.

డాక్టరమ్మ క్లినిక్ శంకర్ నగర్‌లోనే, మొదటి అంతస్తులో. అక్కడి కుర్చీలు పెద్దవాళ్లవి. కాళ్లు చాపుకోవడానికి చోటుంది. గోడ మీద ఏనుగు లేదు. 'మీఠా జహర్ హై' అని ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. తీపి విషం అని దాని తాత్పర్యం. హాలు నిండా మధుమేహ రోగులు, సంతాప సభలో లాగా కూర్చొని ఉన్నారు. నీలిమకు అంతా అద్భుతంగా తోచింది. రిసెప్షన్ అమ్మాయి "పేషెంట్ కౌన్?" అని అడిగితే "మై" అని చెప్పిన తర్వాత, ఆ 'మై', అంటే 'నేను', ఎంత బాగుందో అని మనసులో ఇంకోసారి అనుకుంది. చెప్పవలసిన జవాబులన్నీ ఇంటి దగ్గర అద్దం ముందు రిహార్సల్ చేసుకునే వచ్చింది.

మధ్యాహ్నం అయింది. భోజనం ముందు సూది వేసుకోవాలి.

"దో మినట్. అగ్‌లా నంబర్ ఆప్‌కా" అంది రిసెప్షన్ అమ్మాయి, తర్వాతి వంతు నీలిమదేనని.

రాయపూరులో 'దో మినట్' అనేది కాలమానం కాదు, ఒక మర్యాద వాక్యం. పుట్టి పెరిగిన ఊరు గనక నీలిమకు ఇది తెలిసి ఉండాలి. కానీ ఉత్సాహం మనిషికి తెలిసినవి కూడా మరిపిస్తుంది. సూది వేసేసుకుని, డాక్టరును చూసి వచ్చాక డబ్బా తెరవచ్చు, కొత్త డాక్టరమ్మ ముందు చింతపండు పులుసు వాసనతో ఎందుకు, అనుకుంది. బాత్రూములోకి వెళ్లి సూది వేసుకుంది. అన్నం డబ్బా, గ్లూకోజు పొట్లం, రక్తంలో చక్కెర చూసే మీటరు ఉన్న సంచీని అవ్వ ఒడిలో పెట్టింది. పరాయి ఊళ్లో దొంగలుంటారని బంగారమ్మ దాని పట్టీని మణికట్టుకు మూడు చుట్లు చుట్టుకుంది.

అప్పుడే ఎవరో పెద్దమనిషి నంబరు లేకుండా లోపలికి వెళ్లాడు. వెళ్లి, అక్కడే స్థిరపడ్డాడు.

ఆకలి వేయలేదు. ముందు మెడ వెనక చెమట పట్టింది. తర్వాత వేళ్లు వణికాయి. 'మీఠా జహర్ హై' బోర్డులో అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. సూది పని మొదలుపెట్టింది. దానికి పట్టుకోవడానికి లోపల అన్నం లేదు. రక్తంలో ఉన్న చక్కెరనే ఊడ్చేస్తోంది. ఇలాంటప్పుడు గబుక్కున తీపి తినాలి. నీలిమకు ఇది తెలుసు.

"అవ్వా, చక్కరొస్తాంది" అంది.

రాయపూరు హిందీలో చక్కర్ అంటే కళ్లు తిరగడం. ఆ ఇంట్లో పాతికేళ్లుగా కళ్లు ఎవరికీ తిరగలేదు, చక్కరే వచ్చింది. గుంతకల్లులో మాత్రం చక్కెర అంటే చక్కెరే.

"చక్కెర వస్తాందా!" బంగారమ్మ నిటారుగా కూర్చుంది. "ఎంతొచ్చిందే?"

"చాలా. సంచీ ఇయ్యి. గ్లూకోజ్ తినాల."

"చక్కెర చానా వచ్చిందంటావు, దానిమింద గ్లూకోజు తింటానంటావు! బుద్ధుండే మాట్లాడతాండావా?"

"అవ్వా, చక్కర్ వస్తే తినాల!"

"చక్కెర వస్తే మానాల. మీ తాతకు నేను చేసినంత సేవ ఎవురూ చేసిండరు, నాకు చెప్పొచ్చినావు." సంచీ పట్టీ మణికట్టుకు నాలుగో చుట్టు చుట్టుకుంది.

నీలిమ మళ్లీ చెప్పింది. ఎన్నిసార్లు చక్కర్ అంటే అన్ని రెట్లు చక్కెర పెరిగింది అవ్వ చెవిలో. ఇంకో మాట ఏదో ఉంది, తెలుగులో, కళ్ల గురించి ఏదో. కానీ రక్తంలో చక్కెర తగ్గితే బుర్రలో మొదట ఖాళీ అయ్యేది మాటల అలమారే. చిన్నప్పటి నుంచి ఇలా జరిగినప్పుడల్లా తను 'మమ్మీ' అనడం, మిగతాదంతా అమ్మే చేసేయడం. అలాంటి మాట అవసరం ఎప్పుడూ పడలేదు.

వేలు ఫోను మీదికి వెళ్లింది. తెర మీద 'మమ్మీ' అని కనబడింది. ఒక్క నొక్కు నొక్కితే అమ్మ రెండు ముక్కల్లో అవ్వకు చెబుతుంది, అవ్వ సంచీ ఇస్తుంది. సోమవారం మాత్రం పోతుంది. నొక్కకపోతే తెలివి తప్పుతుంది. మూడో దారి ఒకటుంది. అది ఈ రెండింటి కన్నా భయంకరమైనది: పన్నెండేళ్లుగా విటమిన్లనే పేరుతో దాచినదాన్ని పదిమందిలో బయటకు చెప్పడం.

నీలిమ కుర్చీ చేయి పట్టుకుని లేచి నిలబడింది.

"సునియే!" అంది. గొంతు తనది కాదేమో అనిపించింది. చాలా పెద్దగా ఉంది. "ముఝే డయాబిటీస్ హై. షుగర్ గిర్ గయా హై. కుఛ్ మీఠా దీజియే. అభీ!"

చక్కెర పడిపోయింది, తీపి ఏదైనా ఇప్పుడే ఇవ్వండి అని ఒక ఆడపిల్ల నిండు సభలో అడిగింది. ఆ తర్వాత జరిగింది వైద్యశాస్త్రం ఎక్కడా నమోదు చేయని విషయం.

ఎదుటి కుర్చీలోని రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు కళ్లజోడు పెట్టె తెరిచాడు. అందులో కళ్లజోడు లేదు, కాగితంలో చుట్టిన బర్ఫీ ఉంది. పక్కనే ఉన్న భార్య దాన్ని చూసింది, ఆయన భార్యను చూడలేదు. ఒక పంజాబీ మాతాజీ హ్యాండ్‌బ్యాగు అడుగు నుంచి రెండు పేడాలు వెలికివచ్చాయి. ధర్సీవా వైపు నుంచి వచ్చిన ముసలాయన భుజం మీది తువ్వాలు కొంగు ముడి విప్పి బెల్లం వేసి వేయించిన ఖుర్మీ తీసి, "లే నోనీ, ఖా లే" అన్నాడు. నోనీ అంటే అక్కడి మాటలో అమ్మాయి. రిసెప్షన్ అమ్మాయి, సరిగ్గా 'మీఠా జహర్ హై' బోర్డు కిందే, సొరుగు లాగి ఒక గుప్పెడు నారింజ బిళ్లలు, ఒక మామిడి రసం డబ్బా బల్ల మీద పోసింది. ఆ హాల్లో తీపి మానేసినవాళ్లే అందరూ. తీపి లేనివాళ్లు మాత్రం దాదాపు లేరు.

"పేడా వద్దు, బర్ఫీ వద్దు. నెయ్యి ఉంటే తీపి ఎక్కేసరికి ఆలస్యం" అంది నీలిమ హిందీలో, వణుకుతూనే. "జ్యూస్ ఇవ్వండి."

జీవితంలో తన ఒంటి గురించి తను జారీ చేసిన మొదటి ఆజ్ఞ అది. పదిమందీ పాటించారు. రసం డబ్బాకు గొట్టం గుచ్చినవారొకరు, పట్టుకున్నవారొకరు, "ధీరే ధీరే" అని సలహా ఇచ్చినవారు మిగతా అందరూ.

పావుగంట ఆగి మీటరుతో చూసుకోవాలని నీలిమ ప్రకటించింది. సంచీ కావాలి. బంగారమ్మ ఇంతసేపూ నోరు తెరుచుకుని ఈ విషప్రయోగం చూస్తూ ఉంది. మామిడి రసం లోపలికి పోయేసరికి నీలిమకు మాటల అలమార తెరుచుకుంది.

"అవ్వా, చక్కెర కాదు, చక్కర్! కండ్లు తిరగడం! చక్కెర తగ్గిపోయి కండ్లు తిరుగుతాండాయి!"

బంగారమ్మ ముఖంలో రంగు పోయింది. గబగబా పట్టీ చుట్లు విప్పబోయి ముడి బిగించింది. ముడి విప్పడానికి బ్యాంకు ఆఫీసరు వచ్చాడు.

"కండ్లు తిరుగుతాండాయని తెలుగులో ఏడ్చింటే నేను వద్దంటినా?" అంది ఆవిడ, కోపం నటిస్తూ. "తగ్గితే తగ్గిందని చెప్పల్లప్పా! వస్తాంది వస్తాంది అంటే నేనేమనుకోవల్ల?"

మీటరు తీశారు. హాలు మొత్తం క్రికెట్ స్కోరు కోసం ఆగినట్టు ఆగింది. నీలిమ వేలు గుచ్చుకుని చూసింది.

"కిత్నా?" అని అడిగింది అందరి కన్నా ముందు బంగారమ్మ. ఆ మాట ఇంత ఘనమైన పనికి వస్తుందని ఆవిడకు అప్పుడే తెలిసింది.

"బయాసీ" అంది నీలిమ. ఎనభై రెండు. చప్పట్లు మోగాయి. ఆ సందడిలో బర్ఫీ ఎక్కడికి పోయిందో బ్యాంకు ఆఫీసరు భార్య కనిపెట్టలేకపోయింది. బంగారమ్మ డబ్బా మూత తీసి, ఎదురు చెప్పే వీలివ్వకుండా మనవరాలి నోట్లో పులుసన్నం ముద్దలు పెట్టింది.

డాక్టరమ్మ గదిలోకి నీలిమ ఒక్కతే వెళ్లింది.

"రాత్రి నిద్ర బాగా పడుతుందా?"

నీలిమ అలవాటుగా ఎడమ పక్కకు తిరిగింది. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది. డాక్టరమ్మ కూడా ఆ కుర్చీ వైపు చూసి, నవ్వకుండా ఆగింది.

"పడుతుంది" అంది నీలిమ, కుర్చీ నుంచి చూపు తిప్పి. "తెల్లవారుజామున చెమట పట్టి లేస్తాను. అప్పుడు అమ్మ లేచి గ్లాసుతో పాలు ఇస్తుంది."

"సూది దగ్గర నొప్పి?"

"ఉంది." ఆ మాట అనగానే నవ్వు వచ్చేసింది. "చాలా ఉంది, డాక్టర్. పన్నెండేళ్లుగా ఉంది."

చూస్తే పొట్ట మీద ఒకే చోట గుచ్చి గుచ్చి చర్మం కింద గట్టిపడి ఉంది. అక్కడ వేసిన మందు ఒకరోజు సరిగా ఎక్కదు, ఒకరోజు ఉన్నట్టుండి ఎక్కుతుంది. రోజూ చోటు మార్చాలని డాక్టరమ్మ చూపించింది. ఈ రోజు పొరపాటేమిటో మాత్రం తను చెప్పలేదు, నీలిమనే అడిగింది.

"సూది ముందు వేసుకుని అన్నం వెనక పెట్టాను. ఇకనుంచి కంచం కళ్ల ముందు ఉంటేనే సూది."

"మరి ఇక్కడ దో మినట్ అంటే?"

"నమ్మను."

దిగివచ్చేటప్పుడు బంగారమ్మ మెట్ల మీద ఆగింది. "మీయమ్మకు చెప్పొద్దులే. నేనూ చెప్పను. చెప్తే నిన్ను పనికి పంపదు. నన్ను గుంతకల్లుకు పంపుతాది."

నీలిమ ఆటోలో దారి పొడుగునా ఆలోచించింది. శ్రీలక్ష్మి మాట తప్పలేదు. గుమ్మం దాటకుండా, గుమ్మం మీదే మునివేళ్ల మీద నిలబడి ఉంది.

"ఏమైంది?"

నీలిమ అంతా చెప్పింది. తొందరపడి సూది వేసుకోవడం, చక్కర్, సంచీ, హాలు, మామిడి రసం. వినేకొద్దీ శ్రీలక్ష్మి చేయి తలుపు రెక్కను బిగించి పట్టుకుంది. బంగారమ్మ నల్ల కళ్లద్దాలు తీసి, కంట్లో చుక్కలు వేసుకునే వేళయిందని లోపలికి తప్పుకుంది.

"నాకెందుకు ఫోన్ చేయలేదే?"

"నువ్వు అవ్వను ఒప్పించేసరికి ఎంతసేపవుతుందో. రిసెప్షన్ అమ్మాయి సొరుగు రెండడుగుల్లో ఉంది."

"అందరి ముందర చెప్పేసినావా?"

"చెప్పేసినా. విటమిన్లు అనలేదు." దాంతోపాటే అంది, "నొప్పి ఉందని కూడా చెప్పినా."

శ్రీలక్ష్మి కూతురి పొట్ట వైపు చూసింది. తర్వాత మెల్లగా, "ఉండేదా?" అంది.

"ఉండేది మమ్మీ."

"నేను లేదని చెబుతాంటి."

"అవును."

తలుపు రెక్క మీద చేయి వదులైంది. ఆ చేత్తోనే కూతురి చున్నీ సరిగానే ఉన్నా మళ్లీ సర్దింది.

పేపరు వెనక నుంచి గిరిధర్, ఆ ఏడాదికి తన మొత్తం ప్రసంగాన్ని ఒక వాక్యంలో ముగించాడు. "సోమవారం బస్సు ఎన్నింటికి?"

కాదనడానికి శ్రీలక్ష్మి నోరు తెరిచింది. "డబ్బా ఎన్నింటికి కట్టాల?" అన్న మాట బయటికొచ్చింది.

సోమవారం మోవా రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగింది. నీలిమ ఎక్కుతుంటే బంగారమ్మ డ్రైవరు కిటికీ దగ్గరకు వెళ్లి బెల్లం పొట్లం చూపిస్తూ, అప్పటికి మూడుకు పెరిగిన తన హిందీనంతా వినియోగించి ఆదేశించింది: "చక్కర్… కిత్నా… నై! చక్కెర!" డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. పర్వాలేదు. సీటులో కూర్చోగానే, చక్కర్ వస్తే ఏం చేయాలో పక్కనున్న అమ్మాయికి నీలిమే చెప్పింది, పేరు తర్వాత రెండో మాటగా.

బస్సు మలుపు తిరిగాక శ్రీలక్ష్మి లోపలికి వచ్చి, చేతులకు పని లేక, క్లినిక్‌కు ఫోను చేసింది. వచ్చే నెలకు నంబరు తీసి పెడదామని.

"నీలిమా? ఆమె బుక్ చేసుకుని వెళ్లారుగా" అంది రిసెప్షన్ అమ్మాయి. "మీరెవరు మాట్లాడేది?"

శ్రీలక్ష్మికి ఆ ప్రశ్న ఇంతకు ముందెప్పుడూ ఎదురు కాలేదు. జవాబు వెతుక్కుంటూ ఫోను పెట్టేసింది.

గోడ అవతల నుంచి దూబే ఆంటీ తల కనిపించింది. "ఏమమ్మా, బేటీ ఉద్యోగానికి పోయిందా? మరి దాని విటమిన్ల సూదులో?"

"విటమిన్లు కావు, దీదీ. షుగర్" అంది శ్రీలక్ష్మి, వీధి చివరిదాకా వినిపించేటట్టు. "దానిది అదే చూసుకుంటుంది."